అరువు సూదికి చిలకపచ్చ దారం

ఆ రోజు తిరుత్తణిలోని మా ఇంటి ముందుగదిలో ఉన్నవాళ్లం నలుగురం: నేను, మా అన్న కొడుకు, అతని భార్య, గోడలకు రంగు వేయడానికి కడంబత్తూరు నుంచి వచ్చిన పనివాడు. గోడల మీద నుంచి దించి చాప మీద పరిచిన వస్తువులు: రెండు పెళ్లి ఫొటోలు, కొండ మీది స్వామి పటం, ఎప్పుడో ఆగిపోయిన గోడగడియారం, ఒక పాత క్యాలెండరు, అన్నిటికంటే చివర, బడిపిల్లల పలక అంత కొలతలో అద్దం బిగించిన ఒక చెక్క చట్రం. పనివాడు ఆ చట్రాన్ని వెలుతురుకు ఎత్తి పట్టి, ఫొటో లేనిదానికి అద్దం ఎందుకు సార్ అని అడిగాడు. మా అన్న కొడుకు నవ్వి, అది ఫొటో కాదు, మా అవ్వ సూదుల పలక అన్నాడు. అతనికిప్పుడు నలభై దాటాయి. ఆ పలక పుట్టడానికి కారణం తానేనని వినడమే గానీ, అతనికి గుర్తుండే వయసు కాదు అప్పటిది. గుర్తున్నవాణ్ణి నేను ఒక్కణ్ణే మిగిలాను కాబట్టి, రంగు ఆరేలోపల వాళ్లకు చెప్పిన సంగతినే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

నా ఈడు వాళ్లకు సూది గురించి చెప్పనక్కర్లేదు. నల్లకాగితంలో చుట్టి తెచ్చుకున్న సూదులు ఏళ్ల తరబడి ఇంట్లో మనుషుల్లా బతికేవి. తలుపు వెనక క్యాలెండరు అంచున ఒకటి, అమ్మ పైటకొంగులో ఒకటి, దూలానికి గుచ్చిన గోనెసంచుల దబ్బనం ఒకటి, ఇలా ప్రతిదానికీ ఒక చోటు ఉండేది. సూదికి మన పెద్దవాళ్లు పెట్టిన కట్టుబాట్లు కూడా మీకు తెలిసే ఉంటాయి. సూదిని చేతి నుంచి చేతికి అందించకూడదు, కింద పెడితే అవతలివాళ్లు ఎత్తుకోవాలి. దీపం పెట్టాక సూది గడప దాటకూడదు, దాని పేరు కూడా నోట రాకూడదు. సూదిని ఎవరికీ ఊరికే ఇచ్చేయకూడదు, ఇస్తే ఆ ఇద్దరి మధ్య స్నేహం తెగుతుంది. అరువు ఇవ్వవచ్చు, తిరిగి తీసుకోవచ్చు. మా వీధిలో ఈ మూడింటినీ కాదన్న ఇల్లు ఒక్కటి కూడా లేదు.

అవి డెబ్బైల చివరి సంవత్సరాలు. నేను పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా ముగించి, తిరువళ్లూరు దగ్గర ఒక కార్ఖానాలో అప్రెంటిస్‌గా చేరాను. పొద్దున్నే తిరుత్తణిలో ప్యాసింజరు ఎక్కితే, అరక్కోణం దాటి, కడంబత్తూరు పొలాల మధ్యగా ఊగుతూ తీసుకెళ్లి తిరువళ్లూరులో దించేది. సాయంత్రం అదే దారిన వెనక్కి. ఇంట్లో రెండు మగ్గాలు ఉండేవి. తాత, నాయన, అన్న నేసేవాళ్లు, అమ్మ, మా వదిన నూలు కండెలు చుట్టేవాళ్లు. మగ్గం లేని చదువు చదివినవాణ్ణి నేనొక్కణ్ణే. ఏ వస్తువు చూసినా పొడవు, వెడల్పు, మందం మనసులో రాసుకునే అలవాటు అప్పుడే పట్టుకుంది, ఇప్పటికీ వదల్లేదు.

ఆ ఇంట్లో మా అత్త కూడా ఉండేది. అత్త అంటే మా నాయనకు చెల్లెలు, మా అన్న కొడుకు అవ్వ అన్నది ఈమెనే. మామ పోయాక పుట్టింటికి తిరిగి వచ్చింది. ఆమె తినే అన్నాన్ని మా ఇంట్లో ఎవరూ లెక్కపెట్టలేదు, ఆ మాట నిజంగా చెప్పగలను. కానీ తిరిగి వచ్చిన ఆడమనిషికి ఇంట్లో చోటు దొరకడం వేరు, తనది అని చెప్పుకునే పని దొరకడం వేరు. మగ్గం తాతది, పొయ్యి అమ్మది. అత్తకు ఉన్నదల్లా కుట్టుపని. వీధిలో సగం రవికెలకు హుక్కులూ కాజాలూ ఆమె చేతివే, పాత చీరలు మడిచి కుట్టిన బొంతలు ఆమెవే. మిషను లేదు, చేత్తోనే. మధ్యాహ్నం ఎండ అరుగు దిగేసరికి ఆడవాళ్లు గుడ్డలు పట్టుకుని ఒక్కొక్కరే వచ్చి ఆమె ముందు కూర్చునేవాళ్లు. అప్పుడామె మాట కాస్త పెద్దగా వినిపించేది, నవ్వు కూడా.

సూదులు దాచడంలో అత్తకున్న నేర్పు గురించి చెప్పకపోతే ఈ కథ ముందుకు పోదు. ఇంట్లో పనికిరాదని పారేసే వస్తువు ఏదైనా ఆమె చేతిలో ఒకసారి తిరగవలసిందే. అరిగి చివర విరిగిన నాడె ఒకటి, అంటే పేక నూలును అటూ ఇటూ మోసే పడవలాంటి కొయ్య, దాని మధ్యలో కండె కూర్చునే గుంట ఉంటుంది కదా, ఆ గుంటకు అగ్గిపెట్టె అట్టతో మూత జరిపేట్టు చేసి పెద్ద సూదులు అందులో పెట్టేది. రాయని ఫౌంటెన్ పెన్ను గొట్టంలో పూసలు గుచ్చే సన్నసూదులు ఉండేవి, మూతకు ఉన్న క్లిప్పుతో దాన్ని రవికెకు తగిలించుకునేది. అన్నిటికంటే ఆమె ఎక్కువగా వాడింది నారింజపండంత దిండు. దాని లోపల దూది కాదు, వెంట్రుకలు. తల దువ్వుకున్నప్పుడు రాలిన వెంట్రుకలను చుట్టచుట్టి దాచి, వాటిని కూరి కుట్టిన దిండు అది. నూనె పట్టిన వెంట్రుకల్లో గుచ్చిన సూదికి తుప్పు పట్టదు. మా కార్ఖానాలో కొలత పరికరాలకు నూనె గుడ్డ చుట్టి పెట్టేవాళ్లు, ఈ దిండు చేసే పని కూడా అదే అని తెలిసిన రోజు నేను చాలా సంతోషపడ్డాను. ఆ దిండులో అత్త వెంట్రుకలతో పాటు అంతకు కొన్నేళ్ల ముందే పోయిన మా అవ్వ తెల్లవెంట్రుకలు కూడా ఉన్నాయి. ఆ సంగతి మాకందరికీ తెలుసు, ఎవరూ ఎత్తేవాళ్లం కాదు.

ఇక అసలు సంగతి. మా అన్న కొడుకు అప్పటికి పాకడం నేర్చాడు. నేల మీద కనిపించినదల్లా వాడికి తినుబండారమే. ఒకరోజు సాయంత్రం అత్త అరుగు మీద కూర్చుని రవికె హుక్కు కుడుతూ, ఎర్రదారం ఎక్కించిన సన్నసూదిని దిండు మీద గుచ్చి, బిందె పట్టుకుని మంచినీళ్ల పంపు దగ్గరికి వెళ్లింది. తిరిగి వచ్చేసరికి దిండు పక్కన బిడ్డ కూర్చుని ఉన్నాడు. సూది లేదు. వాడి నోట్లోంచి జానెడు ఎర్రదారం వేలాడుతూ ఉంది.

నేను రైలు దిగి ఇంటికి చేరింది సరిగ్గా అప్పుడే. దారాన్ని లాగితే ఒట్టిదారమే వచ్చిందట, మా వదిన బిడ్డ నోట్లో వేలు పెట్టి వెతుకుతోంది, వాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు, అమ్మ దీపం వెలిగించి చేతిలో అలాగే పట్టుకుని నిలబడింది. దీపం వెలిగింది కాబట్టి ఎవరి నోటా ఆ మాట రావడం లేదు. "అది" అంటున్నారు, "ఆ వస్తువు" అంటున్నారు. నేను చదువుకున్నవాణ్ణి గనక నాకు తోచిన పద్ధతిలో దిగాను. అరుగునూ నడవనూ సుద్దతో గళ్లుగా గీసి, పాత రేడియోలోంచి తీసిన అయస్కాంతాన్ని దారానికి కట్టి ఒక్కొక్క గడిలో ఈడ్చాను. మగ్గం మేకులు, రవికె హుక్కులు, సగం బ్లేడు దొరికాయి. సూది దొరకలేదు. అప్పుడు తాత దిండు విప్పమన్నాడు. అత్త కత్తెర తెచ్చి కుట్లు కత్తిరించింది. నల్లవీ తెల్లవీ కలిసిపోయిన వెంట్రుకలు చాటలోకి జారాయి, వాటి నడుమ ఎన్నడో లోపలికి దిగిపోయి అందరం మరిచిపోయిన మూడు పాత సూదులు బయటపడ్డాయి. వెతుకుతున్నది మాత్రం వాటిలో లేదు. లోపల ఎన్ని ఉన్నాయో తెలియని చోట ఒకటి తగ్గిందో లేదో ఎవరు చెప్పగలరు అన్న ఆలోచన నాకు మొదటిసారి అప్పుడు వచ్చింది.

ఏడుపు విని పక్కింటి చిన్నమ్మ వచ్చింది. ఆమెది మా పక్కగోడ ఇల్లే, అత్తను వదినా అని పిలిచేది, ఇద్దరికీ ఒకరినొకరు వెక్కిరించుకోనిదే పొద్దుపోయేది కాదు. బిడ్డ ఏం మింగాడని అడిగితే, అత్త తల దించుకుని ఏదో తెలియదు అంది. చింతగింజో పూసో అయి ఉంటుందనుకుని చిన్నమ్మ పరుగున ఇంటికి పోయి నాలుగు అరటిపండ్లు తెచ్చింది, మెత్తగా నలిపి పెట్టండి, ఏదున్నా చుట్టుకుని దిగిపోతుంది అని ధైర్యం చెప్పింది. వాటినే పెట్టాం. తెల్లవారగానే మొదటి బస్సుకు తిరువళ్లూరు పోయి ఎక్స్‌రే తీయించాలని అనుకున్నాం. ఆ రాత్రి ఎవరమూ పడుకోలేదన్నది వేరే చెప్పవలసిన పని లేదు.

పొద్దున వదిన బిడ్డను చంకనెత్తుకుని, అన్న చేతిసంచితో గడప దగ్గరికి రాగానే, అప్పుడే ముగ్గు వేసి చేతులు కడుక్కున్న చిన్నమ్మ ఎదురొచ్చింది. వంగి మా గడప మీద ఒక గుడ్డముక్క పెట్టింది. అందులో గుచ్చి ఉంది ఆ సన్నసూది.

జరిగింది ఇది. అత్త పంపు దగ్గరికి వెళ్లినప్పుడు చిన్నమ్మ ఎప్పటిలాగే వచ్చి సూది తీసుకుంది. తనకు కావలసింది తెల్లదారం కాబట్టి ఎర్రదారాన్ని లాగి దిండు పక్కన పడేసింది. ఇంటికి పోయి చొక్కా జేబు కుడుతూ ఉండగానే పొద్దు గుంకింది. దీపం పెట్టాక సూది గడప దాటకూడదు కాబట్టి, పొద్దున ఇద్దామని గుడ్డకు గుచ్చి పెట్టింది. బిడ్డ పాక్కుంటూ వచ్చి దారాన్ని నోట్లో పెట్టుకున్నాడు. సూది ఉన్న ఇంటి నుంచే అరటిపండ్లు వచ్చాయి. ఇటు మేము ఆ పేరు ఎత్తలేదు, అటు ఆమె ఎత్తలేదు.

వదిన గడప మీదే కూలబడి ఏడ్చింది, అది సంతోషపు ఏడుపు. తాతకు మాత్రం రాత్రంతా అణచుకున్న భయం కోపమై పైకి వచ్చింది.

"రేయంతా బిడ్డ పేగుల్లో ఉండాదని మేం చస్తా ఉంటే, అది నీ ఇంట్లో ఉండిందా? పండ్లు తెచ్చిన నోటితో ఒక్క మాట చెప్పకూడదా?" అన్నాడు.

చిన్నమ్మ ముఖం పాలిపోయింది. అయినా తల వంచలేదు. "దీపం పెట్టినాక ఎట్ట చెప్పేది మామా? మీరు మాత్రం చెప్పినారా?" అంది.

ఆ మాటకు తాత ఇంకో నాలుగు మాటలు ఎక్కువ అన్నాడు. ఇంక మీ ఇంటి సూది ముట్టుకుంటే ఒట్టు అని చిన్నమ్మ వెనుదిరిగి పోయింది. తాత లోపలికి వచ్చి, బిడ్డ నడిచి మాటలు నేర్చేదాకా ఈ ఇంట్లో సూది అనేది కనిపించకూడదని తీర్పు చెప్పాడు. మా ఇంట్లో తాత తీర్పు మీద మరో మాట ఉండదు.

అత్త ఆ మధ్యాహ్నమే సగం కుట్టిన రవికెలను ఎవరివి వారికి ఇచ్చేసి వచ్చింది. సూదులన్నీ నాడెలో పెట్టి, గుడ్డ చుట్టి, అటక మీదికి ఎక్కించింది. చాటలోని వెంట్రుకలను ఒక చిన్న సంచిలో పోసి దాచుకుంది. ఆ తర్వాత ఆమె కండెలు చుట్టడానికి కూర్చునేది, అమ్మకు కూరలు తరిగి ఇచ్చేది, బిడ్డను ఆడించేది. ఏ పనికీ వద్దనలేదు. కానీ మధ్యాహ్నం ఎండ అరుగు దిగే వేళకు అరుగు ఖాళీగా ఉండేది. ఏళ్ల తరబడి సూది మొన తగిలి ఆమె చూపుడువేలి చివర చర్మం గట్టిపడి ఉండేది. ఊరికే కూర్చున్నప్పుడు ఆ చోటును బొటనవేలితో రుద్దుకుంటూ ఉండేది. నాకు చూడలేని పని అది.

మా కార్ఖానాలో పరికరాల గది ఒకటి ఉండేది. గోడ మీద ప్రతి స్పానరుకూ ప్రతి డ్రిల్లుకూ ఒక మేకు, ఆ మేకు వెనక ఆ పరికరం ఆకారం రంగుతో గీసి ఉండేది. మాలో ప్రతి ఒక్కరికీ నంబరు కొట్టిన ఇత్తడి బిళ్లలు ఇచ్చేవాళ్లు. ఏదైనా తీసుకుంటే దాని మేకుకు మన బిళ్ల తగిలించాలి. గదిలోకి అడుగుపెట్టినవాడు నోరు తెరవకుండానే ఏది లేదు, ఎవరి దగ్గర ఉంది అని చెప్పగలిగేవాడు. ఒక ఆదివారం పూట ఇదంతా అత్తకు చెప్పాను. పోగొట్టుకోవడం ఎలా ఆపాలన్నది కాదు, పోయినదాన్ని కంటితో ఎలా చూడాలన్నదే అక్కడి పద్ధతి అని నాకు తెలిసిన మాటల్లో వివరించాను. ఆమె కండె చుట్టడం ఆపకుండా విన్నది. చివరికి, "నోరు తెరవకుండానే తెలస్తాదా?" అని ఒక్క ప్రశ్న వేసింది. ఆమా, తెలస్తాది అన్నాను.

మరుసటి ఆదివారం నాటికి ఆమె అటక మీంచి ఒక పాత పన్నెను దించి పెట్టుకుంది. పన్నె అంటే పడుగు పోగులను దువ్వెనలా విడదీసి ఉంచే చట్రం, దానికి దువ్వెనకు ఉన్నట్టే పళ్లు ఉంటాయి. ఇది వెదురు పళ్లది, తాత పడుచువాడుగా ఉన్నప్పుడు దీంతోనే నేసేవాడు, ఇనుప పన్నెలు వచ్చాక మూలపడింది. ఆమె ఆలోచన చెప్పగానే నేను కొలతలు తీసుకోవడం మొదలుపెట్టాను. పన్నె పళ్ల మధ్య సందులు నూలు పోగుకు సరిపోతాయి గానీ సూదికి చాలవు. అందుకని పళ్లను ఒకటి విడిచి ఒకటి పీకేసింది, ఎడమ చివర దబ్బనానికి మాత్రం వరసగా నాలుగు పీకింది. ఎక్కడ ఎన్ని పీకాలో వేలితో తడిమి చెప్పేది, నేను స్కేలుతో సరిచూసేవాణ్ణి. రెండూ కలిసేవి, ఇద్దరం సంతోషపడేవాళ్లం.

పన్నెలోంచి కోసిన ముక్కను కూర్చోబెట్టడానికి నా చిన్నప్పటి పలక దొరికింది. పలక ఎప్పుడో పగిలిపోయింది, చెక్క చట్రం మిగిలింది. ఆ చట్రంలో వెనక అట్ట, అట్ట మీద పాత కంబళి ముక్క, దాని మీద పన్నె. సూది మొనను కంబళిలో గుచ్చి సందులో నిలబెడితే కదలదు. ముందు మూతకు పాత పటం అద్దాన్ని కోసి తెచ్చాను. నూనె డబ్బా రేకుతో మూలలకు పట్టీలు నేను చేశాను, తాత చూడకుండా అటక మీంచి ఒక సూది దించి, చిరిగిన గొడుగు గుడ్డతో మడతబందు ఆమె కుట్టింది. మూత మూసుకోవడానికి చొక్కా బొత్తాం, దారపు ఉచ్చు. అట్టడుగున, చట్రం అంచుకు ఆనించి, వెంట్రుకల సంచిని చిన్నగా మళ్లీ కుట్టి అమర్చింది. సూదిని తీసి వాడాక దానిలో ఒకసారి గుచ్చి తీసి, ఆ తర్వాతే సందులో పెట్టాలి. అలా మా అవ్వ తెల్లవెంట్రుకలు మళ్లీ పనిలోకి వచ్చాయి.

ప్రతి సందు వెనక సూది బొమ్మ గీద్దామని నేనంటే అత్త చాలా రోజుల తర్వాత నవ్వింది. "సూదికి నీడ గూడా గీస్తావా నాయినా? ఖాళీ సందు కనపడదా కంటికి?" అంది. బిళ్లల సంగతి మాత్రం ఆమె వదల్లేదు. రేకు బిళ్లలు కోసి నంబర్లు కొడతానన్నాను. వద్దని, మగ్గం కింద పోగుపడే చిక్కునూలు తెచ్చి రంగురంగులుగా విడదీసింది. ఒక్కొక్కరికి ఒక్కొక్క రంగు. సూది తీసుకున్నవాళ్లు ఆ సందులో పంటికి తమ రంగు దారం ముడివేసి పోవాలి. తిరిగి ఇచ్చేటప్పుడు విప్పుకోవాలి. అమ్మది పసుపు, వదినది ఎరుపు, అత్తది నీలం. దీపం పెట్టిన తర్వాత కూడా, ఆ పేరు ఎత్తకుండా, గడప దాటకుండా, ఏది ఎక్కడుందో కంటికి కనపడుతుంది. మా కార్ఖానా పద్ధతి మా వీధి కట్టుబాటుకు ఇంత చక్కగా అతుకుతుందని నేను కలలో కూడా అనుకోలేదు. ఆ రోజు అత్తను చూసి కలిగిన మెచ్చుకోలు ఇన్నేళ్లలో ఏ ఇంజనీరును చూసినా నాకు కలగలేదు.

ఇక తాత ఒప్పుకోవాలి. సూదులన్నీ అమర్చిన పలకను బిడ్డకు అందని ఎత్తులో, మగ్గం పక్క గుంజకు తగిలించి, అత్త విషయం చెప్పింది. తాత సగం పళ్లు పీకిన పన్నెను చూసి ముందు నొచ్చుకున్నాడు. తర్వాత అద్దం తీశాడు, వేశాడు, సందులు ఒక్కొక్కటే తడిమాడు, సెరి చూస్తాలే అని వెళ్లిపోయాడు. అది అవును అనో కాదు అనో మాకు తెలియలేదు. ఆ సాయంత్రం అత్త దీపం పట్టుకుని మగ్గాల గదిలోకి వచ్చింది. తాత మగ్గం గుంటలోనే కూర్చుని ఉన్నాడు, నేను గుమ్మం దగ్గర ఉన్నాను. అత్త పలక వైపు ఒకసారి చూసి ఆగింది.

"నాయనా, కుడి పక్క నుంచి మూడోది మీ కాడ ఉండాది," అంది.

తాత ఏమీ ఎరగనట్టు, నా దగ్గరే అని ఎట్ట చెప్తావు అని అడిగాడు.

"ఇంట్లో అందరూ దారం కట్టి పోతారు. కట్టకుండా ఎత్తుకొనేది మీరొక్కరే."

తాత తలపాగా మడతలోంచి ఆ సూదిని తీసి, మగ్గం పట్టె మీద పెట్టాడు, చేతికి ఇవ్వలేదు. పొద్దున లేచి చూస్తే, సూది తిరిగి వచ్చిన సందు పక్కనే తాత పంచె అంచులోంచి పీకిన తెల్లదారం ఒకటి ఊరికే కట్టి ఉంది. తన రంగు తెలుపు అని ఆయన చెప్పిన తీరు అది, చూసి అత్త దాన్ని విప్పి పెట్టింది. ఆ మధ్యాహ్నం అత్త అరుగు మీద కూర్చుంది.

కానీ అరుగు పూర్తిగా నిండలేదు. చిన్నమ్మ రాలేదు. గోడ అవతల ఆమె మాట వినిపించేది, మా వైపు చూసేది కాదు. రెండు మూడు రోజులు చూసి, అత్తే చిక్కునూలు అంతా చాటలో పోసుకుని వాళ్లింటికి వెళ్లింది. నేను పెరటి బావి దగ్గర నీళ్లు తోడుకుంటూ విన్నాను. సూదుల గురించి అత్త ఒక్క మాట కూడా అనలేదు. చాట ముందు పెట్టి, "మంచి రంగులన్నీ పోకముందే ఎత్తుకో మే. మీ ఇంటికి బూడిదరంగు మిగిలితే నన్ను అనబాకు," అంది. తర్వాత చిన్నమ్మ గొంతు, "ఒట్టు పెట్టుకున్నా గదా వదినా." దానికి అత్త, ఒట్టు సూది మీద పెట్టావు గానీ దారం మీద పెట్టలేదు గదా అంది. ఆ తర్వాత వినిపించింది నవ్వు. చిన్నమ్మ ఎంచుకున్నది చిలకపచ్చ. తాత ఆమెను క్షమించమని అడగలేదు, ఆ కాలపు పెద్దలు అలా అడిగేవాళ్లు కారు. మరునాడు చిన్నమ్మ వచ్చి పలక దగ్గర నిలబడితే, ఆమెకు ఎత్తు అందదని మగ్గం దిగి వచ్చి ముక్కాలిపీట జరిపి పెట్టాడు. అది చాలింది.

తర్వాత ఆ పలక వీధికంతా తెలిసింది. చూసిపోయి అలాంటిది చేసుకున్నవాళ్లు ఉన్నారు, ఒకరు గంపమూతతో చేశారు, ఇంకొకరు విరిగిన దువ్వెనతో. మా పలకలో మొదట అమర్చినవి, దిండులో దొరికిన మూడింటితో కలిపి, పంతొమ్మిది సూదులు. విరిగితే రెండు ముక్కలూ చూపించాక కొత్తది పెట్టేది అత్త. ఎన్నేళ్లు గడిచినా లెక్క పంతొమ్మిదికి తగ్గనివ్వలేదు.

ఎనభైల నడుమ చేనేత సన్నగిల్లి, వీధిలో మగ్గాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. చిన్నమ్మ వాళ్లు మగ్గం అమ్మేసి, పళ్ళిపట్టులో ఆమె తమ్ముడి అంగడి చూసుకోవడానికి బయలుదేరారు. నేను సెలవు మీద ఇంటికి వచ్చి ఉన్నాను, సామాను బస్సు పైకి ఎక్కించడానికి సాయం చేశాను. బస్సుకు ఇంకా సమయం ఉంది, పొద్దు పైనే ఉంది. చిన్నమ్మ చెప్పిపోవడానికి మా ఇంటికి వచ్చింది. అత్త ఆమెకు ఏదైనా ఇవ్వాలని రెండు రోజులుగా ఆలోచిస్తోందని నాకు తెలుసు. ఆమె దగ్గర ఇవ్వదగ్గ వస్తువు ఒకటే రకం, అది ఇవ్వకూడని వస్తువు.

అత్త పలక మూత తీసి, కుడి చివరి సన్నసూదిని, ఏదైతే ఆనాడు పక్కింట్లో రాత్రి గడిపిందో దాన్ని, తీసి అరుగు మీద పెట్టింది.

"ఇస్తే తెగుతాదంట. ఇచ్చేది లేదు. ఎత్తుకోని, దారం కట్టి పో," అంది.

చిన్నమ్మ సూది వైపు చూసింది. "మళ్లా ఎప్పుడు తెచ్చేది వదినా?"

"తేబాకు."

చిన్నమ్మ సూదిని కొంగులో గుచ్చుకుంది. పన్నె పంటికి చిలకపచ్చ దారం ముడివేసింది, ఒక ముడి కాదు, మూడు. బస్సు పళ్ళిపట్టు రోడ్డు మలుపు తిరిగేదాకా ఇద్దరిలో ఎవరూ ఏడవలేదు. ఆ తర్వాత వాళ్లిద్దరూ పెళ్లిళ్లలో, కొండ మీద కావళ్ల పండగల్లో కలుసుకునేవారు. సూది మాట ఇద్దరూ ఎత్తేవారు కాదట. పగటిపూట కూడా.

ఇప్పుడు అత్త లేదు, చిన్నమ్మా లేదు. మా వీధిలో మగ్గం చప్పుడు వినిపించి చాలా కాలమైంది. బొత్తాం ఊడితే చొక్కానే మార్చేస్తారు, సూది కావాలంటే ప్లాస్టిక్ బిళ్లలో గుండ్రంగా పేర్చి అమ్ముతారు. ఒకటి పోయినా వెతికేవాళ్లు లేరు, దీపం పెట్టాక పేరు ఎత్తినా అడ్డుకునేవాళ్లు లేరు. అందులో మంచి ఉంది, కాదనను. ఆనాడు ఎవరైనా ఒక్కరు ఆ పేరు ఎత్తి ఉంటే పసివాడి కోసం అంత ఏడుపు ఉండేది కాదు. కానీ పక్కింటి నుంచి సూది అడగడానికి వచ్చే మనిషి కూడా లేదు ఇప్పుడు. అరువు అడగనివాళ్లకు అరుగు ఎందుకు? కొత్తగా కట్టే ఇళ్లకు అరుగులు కూడా లేవు.

నేను చెప్పడం ముగిసేసరికి రంగు ఆరింది. మా అన్న కొడుకు భార్య అద్దం తుడుస్తూ, వెలిసిపోయి గడ్డిరంగుకు తిరిగిన ఆ దారాన్ని మురికి అనుకుని గోటితో గీకబోయింది. అతనే ఆమె చేయి పట్టుకుని ఆపాడు. ఖాళీ సందులో కొత్త సూది పెడదామా అని నన్ను అడిగాడు. వద్దన్నాను. అది ఖాళీ కాదు.

పలకను పాత మేకుకే తగిలించి, అలవాటు కొద్దీ ఎడమ నుంచి కుడికి లెక్కపెట్టాను. సూదులు పద్దెనిమిది. దారం ఒకటి.